పైపుకు చుట్టిన రాగితీగ

నారిన్ నదికి ఎగువన ఉన్న మా ఊరి ఆసుపత్రిలో ఏ మిషను మొరాయించినా అందరి నోటా ముందు వచ్చే మాట ఒకటే: "బురుల్చా అక్కని పిలవండి." ఆవిడ నేలమాళిగలోని వర్క్‌షాపులోంచి, నీలం కోటు జేబుల్లో స్క్రూడ్రైవర్లు గలగలలాడుతుంటే, దారిపొడవునా ఎవరినో ఒకరిని తిడుతూ మెట్లెక్కి వచ్చేది. తిట్టకపోతే ఆవిడకు చెయ్యి ఆడదు. "మళ్ళీ దీని మీద టీ గిన్నె పెట్టారా? ఇది మిషనా, మీ అత్తగారింటి బల్లా?" అని నర్సులను దులిపేసేది. వాళ్ళు నవ్వుకుంటూ గిన్నెలు తీసేసేవాళ్ళు. మర్నాడు మళ్ళీ అక్కడే పెట్టేవాళ్ళు.

నిజానికి ఆవిడ ఆ ఆసుపత్రిలో అడుగు పెట్టింది నేల తుడవడానికి. గొర్రెల కాపరి కూతురు. వేసవంతా పైన గడ్డిమైదానాల్లో డేరాలో పెరిగిన పిల్లకు స్విచ్చి వేస్తే దీపం వెలగడమే పెద్ద వింత. అప్పట్లో మిషన్లు చూసేది మొల్దోకుల్ ఉస్తా. చేతిలో పనితనం ఉన్న పెద్దవాళ్ళను మా వైపు ఉస్తా అనే పిలుస్తారు. ఒకరోజు ఆయన ఎక్స్‌రే మిషను వెనక దూరి, "ఎవరే అక్కడ? వచ్చి ఈ టార్చి పట్టుకో" అని కేకేశాడు. బురుల్చా చీపురు గోడకు ఆనించి వెళ్ళి పట్టుకుంది. పట్టుకుని ఊరుకుందా? ఇదేమిటి, అదెందుకు, ఆ ఎర్రతీగ ఎక్కడికి పోతుంది అని ఆయన ప్రాణం తోడేసింది.

"ఓసి నీ దుంప తెగ! నువ్వు దీపం పట్టుకోవడానికి వచ్చావా, నన్ను విచారణ చెయ్యడానికి వచ్చావా?" అన్నాడు ఉస్తా, మిషను వెనకనుంచి తల బయటపెట్టి.

"చెబితే చెప్పండి, లేకపోతే లేదు. తిట్టడమెందుకు?" అంది బురుల్చా.

ఆయన మర్నాడే పెద్ద డాక్టరు దగ్గరికి వెళ్ళి, ఆ చీపురు పిల్లను తనకు ఇచ్చెయ్యమని అడిగాడు.

అబ్బ, ఏం రోజులవి! సోవియట్ కాలం ఇంకా కూలిపోలేదు. విడిభాగాలు చెక్కపెట్టెల్లో, రంపపు పొట్టులో పొదిగి, ఎక్కడెక్కడి ఊళ్ళనుంచో వచ్చేవి. పెట్టె మూత లేపగానే కొత్త నూనె వాసన వర్క్‌షాపంతా పరుచుకునేది. మూలన పొయ్యి మీద కెటిల్ ఎప్పుడూ కూనిరాగం తీస్తూ ఉండేది. రేడియోలో కోముజ్ తంత్రి మోగుతుంటే ఉస్తా సోల్డరింగు చేస్తూ తల ఊపేవాడు, బురుల్చా స్క్రూలు సైజుల వారీగా డబ్బాల్లో వేసేది. మధ్యాహ్నం ఇద్దరూ రొట్టె తుంచుకుని, ఎండిన పెరుగు ఉండలు కొరుక్కుంటూ, ఏ మిషను ఏ డాక్టరు లాంటిదో చెప్పుకుని పొట్ట చెక్కలయ్యేలా నవ్వుకునేవాళ్ళు. ఆవిడ ఇప్పటికీ అంటుంది, తన పెళ్ళిలో కూడా అంత నవ్వలేదని.

ఆ వర్క్‌షాపులో ఉస్తా ఆవిడకు ముందు నేర్పింది మిషను విప్పడం కాదు, తీగ చుట్టడం. ఆసుపత్రి పాతకాలపు కట్టడం. గోడల్లోని ప్లగ్గులన్నింటికీ రెండే కన్నాలు. మూడో కన్నం, అంటే ఎర్తు, ఆ గోడల్లో లేనే లేదు. ఇనుప ఒళ్ళున్న మిషను లోపల ఏ తీగైనా తెగి ఆ ఒంటికి తగిలిందంటే, ముట్టుకున్నవాళ్ళ పని అయిపోయినట్టే. ఉస్తా పడుచుతనంలో ఒక నర్సుకు అలాగే షాక్ కొట్టి చెయ్యి పడిపోయింది. అప్పటినుంచి ఆయన ఏ మిషను వచ్చినా దాని ఒంటికి ఒక రాగితీగ బిగించి, రెండో కొసను కిటికీ కింద వేడినీళ్ళ ఇనుప పైపుకు చుట్టేవాడు. ఆ పైపు తిన్నగా భూమిలోకి పోతుంది. తప్పించుకున్న కరెంటు మనిషి ఒంట్లోకి రాకుండా పైపు వెంట నేలలోకి దిగిపోతుంది.

"దీన్ని దొంగ కరెంటంటారే పిల్లా. దొంగకి దారి నువ్వు చూపించాలి. లేకపోతే వాడే వెతుక్కుంటాడు. తీగ కట్టందే మూత తెరిచావో, ఈ గుమ్మం తొక్కనివ్వను" అనేవాడు.

మా ఊళ్ళోనే కాదు, ఆ కొండల్లో ఏ లోయలోని ఆసుపత్రికి వెళ్ళినా ఇదే పద్ధతి. ఎవరు ఎవరికి నేర్పారో తెలియదు గానీ, మంచం పక్కనుంచి పైపు దాకా పాకే రాగితీగ లేని వార్డు మా చిన్నతనంలో చూడలేదు.

తర్వాత దేశమే ముక్కలైంది. చెక్కపెట్టెలు రావడం ఆగిపోయింది. జీతాలు లేవు, కరెంటు వచ్చినప్పుడే వచ్చినట్టు. చాలామంది చేతులెత్తేసి బజారులో సామాన్లు అమ్ముకోవడానికి వెళ్ళిపోయారు. ఉస్తా, బురుల్చా మాత్రం ఒక మిషను ప్రాణం తీసి ఇంకో మిషనుకు పోస్తూ ఎలాగోలా నెట్టుకొచ్చారు. ఒక వసంతంలో, మంచు కరుగుతున్న రోజుల్లో, ఉస్తా పోయాడు. ఆవిడ వర్క్‌షాపు తలుపేసుకుని గుండెలు పగిలేలా ఏడ్చింది, ఆ తర్వాత కోటు తొడుక్కుని పైకి వెళ్ళి ఆగిపోయిన ఇసిజి మిషను పని పట్టింది.

అలా ఏళ్ళు గడిచాయి. బురుల్చా జుట్టు నెరిసింది. పెన్షనుకు ఇంకా రెండేళ్ళుందనగా కొత్త నిబంధన వచ్చిపడింది. వైద్య పరికరాల టెక్నీషియన్లు పరీక్ష రాసి సర్టిఫికెట్ తెచ్చుకోవాలి, కొత్త సంవత్సరం నుంచి అది లేనివాళ్ళు మిషన్ల మీద చెయ్యి వెయ్యకూడదు. పెద్ద డాక్టరు ఆవిడను పిలిచి కూర్చోబెట్టింది.

"అక్కా, నా మీద కోపం తెచ్చుకోకండి. ఇందులో నా చేతుల్లో ఏమీ లేదు. పాసైతే మీ వర్క్‌షాపు మీదే. లేకపోతే ఈ రెండేళ్ళూ మిమ్మల్ని కోట్ల గదిలో కూర్చోబెట్టాలి."

కోట్ల గదంటే గుమ్మం దగ్గర రోగుల కోట్లు తీసుకుని కొక్కేనికి తగిలించి, చేతికి బిళ్ళ ఇచ్చే గది. ఆ మాట వినగానే బురుల్చాకు తల కొట్టేసినట్టయింది. తిండి పెట్టింది ఆ మిషన్లే, గౌరవం ఇచ్చింది ఆ మిషన్లే. వాటి పక్కనే ఉండి ముట్టుకోకుండా ఎలా బతకడం?

ఇంటికెళ్ళి మొగుడు ఇషెన్‌కు చెబితే ఆయన గుర్రపు జీను కుడుతూ పగలబడి నవ్వాడు. "ఏమే ముసలీ, ఈ వయసులో బడికెళ్తావా? సంచీ, పలకా కొనిపెట్టనా?"

"కొనిపెట్టు. ఆ పలకతోనే నీ నెత్తి పగలగొడతాను."

నవ్వాడు గానీ, ఆ రోజునుంచి సాయంత్రం టీ దగ్గర పుస్తకం పట్టుకుని ప్రశ్నలు అడిగేది ఆయనే. ఉస్తా దొంగ కరెంటన్న దానికి పుస్తకంలో వేరే పెద్ద పేరుంది. అలాంటి పేర్లన్నీ ఆవిడ రొట్టెల పిండి పిసుకుతూ బట్టీ పట్టింది. రాను రాను ఆవిడకు ఆ సర్టిఫికెట్ కాగితం మీద మనసు పడింది. ఉస్తాకు బతికినన్నాళ్ళూ ఎవరూ ఏ కాగితం ఇవ్వలేదు. తన పేరున ఒకటొస్తే వర్క్‌షాపు గోడకు తగిలించాలని, అది ఇద్దరిదీ అనుకోవాలని ఆశ.

ప్రయాణం రోజు ప్రసూతి వార్డులోకి తొంగిచూసింది. నెలలు నిండకుండా పుట్టిన ఒక ఆడపిల్ల ఇంక్యుబేటరులో, పిడికిళ్ళు బిగించుకుని పడుకుని ఉంది. తల్లి పక్కగదిలో ఉంది. నర్సు నాజిరా ఎదురొచ్చి, "అక్కా, ఆ కఫం లాగే మిషను ముట్టుకుంటే పొద్దున కాస్త జివ్వుమంది" అంది.

"ఒంటినిండా ఉన్ని స్వెటర్లు వేసుకుంటే జివ్వుమనక ఏమంటుందే? తీగ నేనే కట్టాను. నన్ను వెళ్ళనీ, టాక్సీ పోతుంది" అని కసిరి వెళ్ళిపోయింది.

దొలోన్ కనుమలో మంచు. టాక్సీలో నలుగురి మధ్య ఇరుక్కుని, దారంతా పెద్ద పేర్లు గొణుక్కుంటూ రాజధాని బిష్కెక్ చేరింది. పరీక్షకు వచ్చినవాళ్ళను చూసి ప్రాణం కుదుటపడింది. తలాస్ నుంచి, బత్కెన్ నుంచి, సరస్సు వైపు నుంచి వచ్చినవాళ్ళంతా ఆవిడ ఈడువాళ్ళే. తలాస్ వాడు సాతార్, భారీ మనిషి, చూడగానే మాట కలిపాడు.

"అక్కా, నారిన్ వాళ్ళకి చలికి మెదడు గడ్డకట్టి ఉంటుందంటారు. కాపీ కొట్టాలంటే నీ పక్కన కూర్చోవచ్చా?"

"తలాస్ వాళ్ళు చూసి రాసినా తప్పే రాస్తారట. నీ ఇష్టం మరి" అంది బురుల్చా. చుట్టూ ఉన్నవాళ్ళు గొల్లుమన్నారు.

పొద్దున రాతపరీక్ష. మధ్యాహ్నం ఆవరణలో మాంసం కూరిన వేడివేడి సంసాలు తింటుండగా ఫలితాలు అతికించారు. ఆవిడ పేరుంది! సాతార్ పేరు కూడా ఉంది. ఇద్దరూ చిన్నపిల్లల్లా చేతులు పట్టుకుని ఊపుకున్నారు. ఇక మిగిలింది చేతిపని ఒక్కటే, అది వాళ్ళకు మంచినీళ్ళ ప్రాయం. ఇంటికి ఫోన్ చేస్తే, "కోట్ల గది తప్పినట్టేనా?" అన్నాడు ఇషెన్. "తప్పినట్టే ముసలాయనా, పొయ్యి మీద మాంసం పెట్టు" అంది.

చేతిపని పరీక్షకు ముందు ఫోన్లన్నీ హాలు బయట బుట్టలో వేయించుకున్నారు. పరీక్షాధికారి ఇల్గిజ్ అనే సన్నటి కుర్రాడు. ఒక్కొక్కరికీ ఒక్కో బల్ల, దాని మీద ఒక్కో మిషను. దాన్ని రోగికి వాడటానికి సిద్ధం చేసి చూపించాలి. బురుల్చా మిషను చూసింది, గోడకున్న ప్లగ్గు చూసింది. కావాలనే పెట్టారో ఏమో, రెండు కన్నాలదే. ఇంకేం, చేతులు వాటి పని అవి చేసుకుపోయాయి. సంచిలోంచి రాగితీగ తీసి, ఒక కొస మిషను ఒంటికి బిగించి, రెండో కొస కిటికీ కింద రేడియేటరు మెడకు ముచ్చటగా చుట్టింది.

ఇల్గిజ్ దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. "దీన్ని ఎందుకు కట్టారక్కా?"

"ఎర్తు కోసం నాయనా. రెండు కన్నాల ప్లగ్గిచ్చి ఎందుకంటావేం?"

"కాస్త కిందకి వంగి చూడండి. రేడియేటరు ఇనుమే. దాన్నుంచి నేలలోకి వెళ్ళేది ఏమిటి?"

బురుల్చా వంగింది. తెల్లటి పైపు. గోటితో తట్టింది. ప్లాస్టిక్. "ఇక తప్పించుకున్న కరెంటు ఎక్కడికి పోతుందక్కా?" అన్నాడు ఆ కుర్రాడు, ఎగతాళి లేకుండా.

బురుల్చా కళ్ళముందు తమ ఆసుపత్రి ఆడింది. మొన్న ఆకులు రాలే రోజుల్లో నగరం నుంచి పనివాళ్ళు వచ్చి పాత ఇనుప పైపులు పీకేసి, అచ్చం ఇలాంటి తెల్ల పైపులే వేశారు. వాళ్ళకు టీ పోసింది తనే. వాళ్ళు తెంపి పారేసిన రాగితీగలన్నీ ఏరుకుని, "వీటి విలువ మీకేం తెలుసురా, ప్రాణాలు కాపాడే తీగలివి" అని తిట్టి, మళ్ళీ ఒక్కొక్కటీ రేడియేటర్లకు చుట్టింది కూడా తనే. ప్రసూతి వార్డులో ఒకే రేడియేటరుకు రెండు మిషన్లు కట్టింది. ఒకటి కఫం లాగేది, రెండోది ఆ పసిగుడ్డున్న ఇంక్యుబేటరు. మొదటిదాంట్లో దొంగ కరెంటు పుడితే నేలలోకి దిగే దారి లేదు. తను కట్టిన తీగ పట్టుకునే రెండోదాని ఒంట్లోకి పాకుతుంది. నాజిరా చెయ్యి జివ్వుమన్నది స్వెటరు వల్ల కాదు.

పైప్రాణాలు పైనే పోయాయి ఆవిడకు. "నాయనా, నాకు ఫోన్ కావాలి. ఇప్పుడే."

"పరీక్ష అయ్యేదాకా హాలు దాటకూడదక్కా. పైన కెమెరా ఉంది. దాటితే వచ్చే ఏటిదాకా మళ్ళీ కూర్చోనివ్వరు." అతను గొంతు తగ్గించాడు. "కంగారుపడకండి. తీగకి కొన్ని మార్కులే పోతాయి. మిగతాది చేస్తే మీరు పాసే. ఇంకాసేపట్లో అయిపోతుంది."

ఇంకాసేపట్లో! ఆ కాసేపూ బల్ల దగ్గర నిలబడితే వర్క్‌షాపు తనది, గోడ మీద కాగితం తనది. అంత ఆశపడ్డ మనిషి, ఒక్క క్షణం ఆ మిషను వంక చూసింది కూడా. తర్వాత చేతిలో స్క్రూడ్రైవరు బల్ల మీద పెట్టేసింది.

"ఆ పెట్టెలో చంటిపిల్ల ఉంది నాయనా. తీగ నేనే కట్టాను, నా చేత్తో, ఇలాంటి తెల్ల పైపుకే!" ఆ మాట హాలంతా వినపడింది. ఆవిడ తలుపు తోసుకుని పరుగులాంటి నడకతో బయటికి పోయి, బుట్టలోంచి తన ఫోన్ లాగింది.

"నాజిరా! వార్డు కరెంటు మెయిన్ స్విచ్చి కట్టెయ్. ఎందుకని అడక్కు, ముందు కట్టెయ్!"

"కట్టేస్తే పిల్లకి చలేస్తుంది కదక్కా!"

"తల్లి రొమ్ముకి కట్టి దుప్పటి కప్పు. మెయిన్ కట్టేదాకా దేన్నీ ముట్టుకోకు, రేడియేటరు దగ్గరికి పోకు. నేను లైనులోనే ఉంటాను, పరిగెత్తు!"

అటువైపు చెప్పుల చప్పుడు, తలుపుల చప్పుడు, ఎవరో అరవడం. బురుల్చా గోడకు ఆనుకుని, తెలిసిన ప్రార్థన సగం మరిచిపోయి, ఉన్న సగమే మళ్ళీ మళ్ళీ చదివింది. అంతలో హాలు తలుపు తెరుచుకుంది. సాతార్. మొహాన నెత్తుటిచుక్క లేదు.

"మా ఊళ్ళో కూడా పోయినేడు తెల్ల పైపులే వేశారక్కా" అని బుట్టలో చెయ్యి పెట్టాడు. తొందరలో ఎవరిదో ఫోన్ తీశాడు, తిట్టుకుని ఇంకోటి తీశాడు. అతని వెనకే బత్కెన్ ఆయన. ఆయన వెనక సరస్సు వైపు నుంచి వచ్చిన ఇద్దరు. చూస్తుండగానే బుట్ట చుట్టూ తలలే, వసారా అంతా కేకలే. "ఒరేయ్, ఆపరేషన్ గది కరెంటు ముందు కట్టెయ్‌రా!", "డాక్టరుగారూ, నేను తాగి మాట్లాడటం లేదు, దండం పెడతాను, ఆపించండి!" ఒక్కో లోయ యాస ఒక్కో మూలనుంచి.

బురుల్చా ఫోన్లో సన్నగా ఒక ఏడుపు వినిపించింది. పసిపిల్ల ఏడుపు. "తల్లి దగ్గరుందక్కా, వెచ్చగా ఉంది, ఇదిగో గొంతు చించుకుంటోంది" అంది నాజిరా రొప్పుతూ. బురుల్చా అలాగే నేల మీదికి జారి కూర్చుని, నలుగురూ చూస్తున్నారన్న సిగ్గు లేకుండా ఏడ్చేసింది.

ఇల్గిజ్ గుమ్మంలోకి వచ్చాడు. వెనకాల హాల్లో బల్లలూ మిషన్లూ తప్ప పురుగు లేదు. "నిబంధన మార్చడం నా వల్ల కాదక్కా" అన్నాడు.

"మార్చమని ఎవరడిగారు? ముందు నీకు తెలిసిన ఆసుపత్రులుంటే నువ్వూ ఫోన్ చెయ్యి" అంది బురుల్చా ముక్కు తుడుచుకుంటూ. అతను నిజంగానే ఫోన్ తీశాడు.

ఆ ఏడాది కొండవైపు వాళ్ళలో ఎవరికీ సర్టిఫికెట్ రాలేదు. ఆవిడ తిరిగొచ్చేసరికి నగరం నుంచి సర్టిఫికెట్ ఉన్న టెక్నీషియను వచ్చి కఫం మిషను విప్పి ఉంచాడు. లోపల తీగ పైతొడుగు ఎండకు పెచ్చులూడినట్టు ఊడి, రాగి ఇనుప ఒంటికి తగులుతోంది. బురుల్చా చేతులు వెనక్కి కట్టుకుని చూసింది. ఎవరినీ తిట్టలేదు. ఆవిడ తిట్టకపోవడం నర్సులు చూడటం అదే మొదటిసారి.

ఒక్కటి మాత్రం పెద్ద డాక్టరును అడిగి తీసుకుంది. తీగ మిషను కాదు కదా, పైపులకు చుట్టినవన్నీ తనే విప్పుతానంది. గదిగదికీ తిరిగి విప్పింది. ఎక్స్‌రే గదిలో మోకాళ్ళెత్తు పైపు ముక్క ఒకటి ఇంకా పాత ఇనుముదే మిగిలింది, గోడ అవతల దానికీ తెల్ల పైపే అతికించారు. దాని మీద ఉస్తా స్వయంగా చుట్టిన చుట్టుంది. ఎన్నో రంగులు పూసిన ఆ పైపు మీద, తీగ విప్పిన చోట ఇనుము అప్పటి నిగనిగతోనే కనిపించింది. "ఉస్తా, నువ్వు తప్పు నేర్పలేదు. నేనే పైపు వంక చూడలేదు" అని పైకే అనేసింది. ఆయనుంటే ఎంత తిట్టేవాడో అనుకుంటే, ఆ తిట్ల కోసం ప్రాణం కొట్టుకుపోయింది.

కొత్త సంవత్సరం నుంచి ఆవిడ కోట్ల గదిలో కూర్చుంది. నీలం కోటు ఇంట్లో మేకుకు వేలాడింది. నర్సులు దాటిపోతూ టీ గిన్నె ఆవిడ బల్ల మీద పెట్టి పలకరించి పోయేవాళ్ళు.

ఒకరోజు ఒక పడుచు తల్లి బిళ్ళ ఇచ్చి తన కోటు అడిగింది. చేతుల్లో ఉన్ని దుప్పటి మూట, మూటలో ఇంత మొహం. నెలలు నిండకుండా పుట్టిన పిల్లను ఇన్నాళ్ళకు ఇంటికి పంపుతున్నారట. బురుల్చా కోటు తెచ్చి, మూట కదలకుండా ఒక్కో చెయ్యే తొడిగింది. పిల్ల కళ్ళు తెరిచి ఆవిడ వంక చూసింది.

"ఇన్ని రోజులున్నాను, మిమ్మల్ని ఎప్పుడూ చూడలేదక్కా. ఇక్కడే పనిచేస్తారా?" అంది తల్లి.

"కొత్తగా చేరానమ్మా" అంది బురుల్చా, పిల్ల చెవి మీదికి దుప్పటి లాగి సర్దుతూ. "బయట గాలిగా ఉంది, మెల్లిగా వెళ్ళండి."